గండం గడిచిన తరువాత కమ్ముకునే కుంగుబాటు

విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. గుడి దగ్గర నుంచి కోట వరకు సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) మూడుసార్లు తిరిగే ఆ సాయంత్రం మూడు లాంతర్ల కూడలిలో నిలబడేందుకు చోటు దొరకదు. జూట్‌మిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన మా మేనమామ, షిఫ్టు మార్చుకుని అయినా సరే, ఆ పూట తప్పిపోయిన సంవత్సరం లేదు. ఒక జూన్ నెలలో ఆయనకు గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు, మందులు ఒంటికి పడ్డాయి, ఉదయం పూట కిలోమీటరు దూరం నడవవచ్చునని డాక్టరు చెప్పారు. ఆ ఏడాది ఉత్సవం దారిలోనే ఉన్న బంధువుల మేడ మీద, రోడ్డు బాగా కనబడే చోట, ఆయన కోసం చేతుల కుర్చీ వేసి వీపుకు దిండు కూడా పెట్టారు. డప్పుల మోత దగ్గరవుతూ ఉండగా ఆయన లేచి లోపలికి వెళ్ళి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. పిలవడానికి వెళ్ళిన నాతో "ఏటుంది సూడ్డానికి, ఏటా తిరిగేదే గదా" అన్నారు. నీరసం ఇంకా తగ్గలేదని ఇంట్లో అందరం సర్దిచెప్పుకున్నాం.

పొద్దున్నే కిలోమీటరు నడిచి వచ్చిన మనిషికి సాయంత్రం కుర్చీలో కూర్చుని చూడటానికి సత్తువ లేకపోవడం ఏమిటన్న ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. చేయలేకపోవడం వేరు, చేయాలనిపించకపోవడం వేరు. పెద్ద జబ్బు నుంచి బయటపడిన మనిషిలో దాగిన కుంగుబాటును, అంటే డిప్రెషన్‌ను, పోల్చుకోవడంలో జరిగే పొరపాట్లలో చాలావరకు ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్ల జరిగేవే.

ముందుగా మన మాటల సంగతి చెప్పుకోవాలి. ప్రాణాపాయం తప్పిన మనిషిని చూడటానికి వచ్చినవాళ్ళు "గండం గడిచింది" అంటారు, "పునర్జన్మ" అంటారు, "నీ భార్య పసుపు కుంకుమలు గట్టివి" అంటారు. ప్రేమతో అనే మాటలే అవి, కానీ విన్నవాడికి ఇక వేరే మాట మాట్లాడే వీలు ఉండదు. మళ్ళీ పుట్టినవాడు సంతోషంగా ఉండాలి కదా! ఊరంతా మొక్కుకుని, ఆడపిల్లలు గాజులు కుదువపెట్టి, కొడుకు ఉద్యోగానికి సెలవు పెట్టి బతికించుకున్న మనిషి "నాకు బతకాలని లేదు" అని ఎవరితో చెప్పుకోగలడు? అందుకే "ఎలా ఉన్నావు" అని అడిగిన ప్రతివారికీ "నాకేటి, బాగానే ఉన్నాను" అన్న జవాబే వస్తుంది. కృతజ్ఞత చూపించక తప్పని చోట దిగులు చెప్పుకోవడం నేరంలా తోస్తుంది.

మన ప్రాంతంలో ఇది ఇటీవలి కాలంలో పెరిగిన సమస్య అనడానికి ఒక కారణం ఉంది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అనంతపురాలతో పాటు శ్రీకాకుళం ఒకటి. అప్పటి నుంచి స్టెంట్లు, బైపాస్‌లు, క్యాన్సర్ ఆపరేషన్లు కూలినాలి చేసుకునే ఇళ్ళకు కూడా అందుబాటులోకి వచ్చాయి. వెనకటి రోజుల్లో విశాఖ చేరేలోపే పోయే మనుషులు ఈ రోజు ఇంటికి తిరిగి వస్తున్నారు. ఇది చిన్న మేలు కాదు. అయితే నేను చూసిన డిశ్చార్జి కాగితాల్లో ఉప్పు ఎంత తినాలో, ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో రాసి ఉంది తప్ప, మనసు సంగతి అడిగిన వరుస ఒక్కటి కూడా లేదు.

ఎంతమందికి వస్తుందన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర స్పష్టమైన జవాబే ఉంది. గుండెపోటు వచ్చినవారిలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటు ఉంటుంది, అంతకంటే తేలికపాటి లక్షణాలు ఉన్నవారిని కలుపుకుంటే సంఖ్య ఇంకా పెరుగుతుంది. పక్షవాతం తరువాత సుమారు ముగ్గురిలో ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో డయాలసిస్ మీద బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళది గడిచిపోయిన గండం కాదు, వారానికి రెండు మూడుసార్లు ఎదురయ్యే గండం. వాళ్ళ విషయం వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది కాబట్టి, డయాలసిస్ రోగుల్లో కూడా కుంగుబాటు చాలా ఎక్కువన్న మాటతో ఇక్కడికి వదిలిపెడుతున్నాను.

దీనిని పోల్చుకోవడం ఎందుకు కష్టమో కొంచెం వివరంగా చూడాలి. డిప్రెషన్‌ను నిర్ధారించడానికి డాక్టర్లు చూసే లక్షణాల్లో నిద్ర చెడటం, ఆకలి తగ్గడం, నిస్సత్తువ, బరువులో మార్పు, కదలికలు మందగించడం, ఏకాగ్రత కుదరకపోవడం వంటివి ఉంటాయి. గుండె ఆపరేషన్ చేయించుకున్న మనిషికి, కీమోథెరపీ పూర్తయిన మనిషికి, నెలరోజులు వెంటిలేటర్ మీద ఉండి వచ్చిన మనిషికి ఇవన్నీ జబ్బు వల్లనే ఉండవచ్చు. అందుచేత రోగి, ఇంటివారు, ఒక్కోసారి డాక్టరు కూడా, ప్రతి లక్షణాన్నీ జబ్బు ఖాతాలోనే రాసేస్తారు. ఈ చిక్కు తెలిసినందువల్లనే 1983లో బ్రిటన్‌లో జిగ్‌మండ్, స్నెయిత్ అనే ఇద్దరు మానసిక వైద్యులు ఆసుపత్రి రోగుల కోసం ప్రత్యేకంగా 14 ప్రశ్నల పట్టిక తయారుచేసి, నీరసం, ఆకలి వంటి శరీర లక్షణాలను అందులో నుంచి కావాలనే తీసివేశారు. అందులో కుంగుబాటుకు సంబంధించిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతాయి: ఇదివరకు సంతోషం కలిగించినవి ఇప్పుడు కూడా కలిగిస్తున్నాయా? రాబోయే రోజుల కోసం మనసు ఎదురుచూస్తున్నదా?

మన భాషలో దిగులుకు మాటలు తక్కువేమీ కాదు. బెంగ, దిగులు, మనేద, యావ అన్నవి ఒక్కొక్కటి ఒక్కో రకమైన బాధను చెబుతాయి, మనేదతో మంచం పట్టిన మనుషుల కథలు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. కానీ ఇవి ఇంకొకరి గురించి చెప్పే మాటలు. తన గురించి చెప్పుకోవలసి వచ్చినప్పుడు మనిషి ఒంటి భాషలోకి వెళ్ళిపోతాడు: గుండె దడ, గాభరా, తల దిమ్ము, గ్యాస్ పైకి తన్నడం, అరికాళ్ళ మంటలు, ఒళ్ళంతా పీకుడు. గుండె జబ్బు ఒకసారి వచ్చిన మనిషి దడ అంటే ఈసీజీ తీయక తప్పదు, తీయాలి కూడా. ఈసీజీ బాగుంటుంది, ఎకో బాగుంటుంది, రక్తపరీక్షలు బాగుంటాయి. "మీకు ఏమీ లేదు, ధైర్యంగా ఉండండి" అని పంపించేస్తారు. పదిహేను రోజులకు మళ్ళీ దడ, మళ్ళీ ఆటో, మళ్ళీ ఈసీజీ. మా మామ విషయంలో ఇలా నాలుగుసార్లు జరిగింది. పరీక్షలన్నీ బాగుండి బాధ తగ్గకపోతే, బాధ ఇంకొక చోట ఉందేమో వెతకాలి. ఏమీ లేదని తేల్చేయడం అక్కడ కుదరదు.

మగవాళ్ళలో ఇది తరచుగా కోపంగా బయటపడుతుంది. కూరలో ఉప్పు లేదని (ఉప్పు తగ్గించమన్నది డాక్టరే అయినా) కంచం తోసేయడం, మనవడు బొమ్మకారు తిప్పితే అరవడం, మాత్ర తెచ్చి ఇచ్చిన భార్యను "నన్ను చంటిపిల్లాడిని చేసేసినారు" అని కసరడం కనబడతాయి. "జబ్బు చేశాక చిరాకు ఎక్కువైంది" అని సరిపెట్టుకుంటారు. సంపాదించే చెయ్యి ఆగిపోయిన ఇంట్లో ఆ చిరాకు అడుగున, తాను తిండికి దండగ అయ్యానన్న భావం ఉంటుంది.

ఆడవాళ్ళలో దాగే తీరు వేరు. నాకు తెలిసిన ఒకావిడ పొందూరులో ఖద్దరు నూలు వడుకుతారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద సన్నని దారం తీసే పని అది, చెయ్యి ఏమాత్రం తొందరపడినా దారం తెగిపోతుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన కొన్ని నెలలకే ఆవిడ మళ్ళీ రాట్నం ముందు కూర్చున్నారు. ఊళ్ళో వాళ్ళు ఆవిడ ధైర్యాన్ని కథలుగా చెప్పుకున్నారు. వారానికి ఇచ్చే నూలు చిలపలు (కట్టలు) తగ్గలేదు, వంట ఆగలేదు, పెళ్ళిళ్ళకు వెళ్ళి నవ్వుతూ అక్షింతలు వేసి వస్తున్నారు. ఒకరోజు వడుకుతున్నంతసేపూ పక్కన కూర్చున్న చెల్లెలు మాత్రం ఒక తేడా గమనించింది. ఇదివరకు అక్క దారం తెగితే నవ్వుతూ ఎముకను తిట్టేది, పత్తిని తిట్టేది. ఇప్పుడు తెగిన ప్రతిసారీ ఏమీ అనకుండా అతుకు వేసి, మళ్ళీ చక్రం తిప్పుతోంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుందని, అన్నం మట్టిలా ఉంటుందని, తన వైద్యానికి అయిన అప్పు వల్ల కూతురి చదువు ఆగిపోయిందన్న ఆలోచన తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటుందని, చెల్లెలు చాలాసేపు అడిగితే గానీ ఆవిడ చెప్పలేదు. పని ఆగని మనిషిలో కుంగుబాటు ఉండదనుకోవడం పెద్ద పొరపాటు. తెల్లవారుజామున మెలకువ, రుచి పోవడం, తప్పంతా తనదేనన్న భావన కలిసి కనబడితే, పని ఎంత సక్రమంగా సాగుతున్నా డాక్టరుకు చూపించాలి.

జబ్బు నుంచి కోలుకునే తొలి వారాల్లో కన్నీళ్ళు రావడం, భయం వేయడం సహజం. అది డిప్రెషన్ కాదు, చాలామందిలో దానంతట అదే సర్దుకుంటుంది. రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, కనీసం రెండు వారాల పాటు దిగులు గానీ అనాసక్తి గానీ కొనసాగితే అప్పుడు దానిని వేరే జబ్బుగా చూడాలి. మా వైపు ఇది తరచు మొదలయ్యే సమయం గురించి నా గమనింపు ఒకటి ఉంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మంచం చుట్టూ మనుషులు ఉంటారు. హైదరాబాదులోనో చెన్నైలోనో పనిచేసే కొడుకులు వస్తారు, చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళినవాళ్ళు ఫోన్లు చేస్తారు. సెలవులు అయిపోయి అందరూ వెళ్ళిపోయాక, రెండో నెలలోనో మూడో నెలలోనో, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు, ఒక మందుల డబ్బా మిగులుతారు. అసలు జబ్బు గురించి ఆలోచించుకునే తీరిక మనిషికి దొరికేది అప్పుడే, అడిగేవాళ్ళు లేకుండా పోయేదీ అప్పుడే.

ఇంట్లో ఎవరైనా అడగగలిగిన రెండు ప్రశ్నలు ఉన్నాయి, వీటిని ప్రపంచమంతటా వైద్యులు తొలి వడపోతకు వాడుతున్నారు. గడచిన రెండు వారాల్లో, పనుల మీద ఆసక్తి గానీ సంతోషం గానీ లేకపోవడం ఎంత తరచుగా జరిగింది? దిగులుగా, కుంగినట్టుగా, ఆశ లేనట్టుగా ఎంత తరచుగా అనిపించింది? అసలు లేదంటే సున్నా, కొన్ని రోజులంటే ఒకటి, సగం రోజులకు పైగా అంటే రెండు, దాదాపు ప్రతిరోజూ అంటే మూడు. రెండు జవాబులూ కలిపి మూడు గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు దగ్గర పూర్తిగా చూపించుకోవాలి. ఆ మార్కులతోనే జబ్బును నిర్ధారించకూడదు, వడపోతకు మాత్రమే అవి పనికి వస్తాయి. "బాగున్నావా" అన్న ప్రశ్నకు "బాగున్నాను" అన్న జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కాబట్టి, "ఎన్ని రోజులు" అని అడగడంలోనే ఉంది మెళకువంతా.

డాక్టరు దగ్గర తేల్చుకోవలసిన ఇంకొన్ని చిక్కులు ఉన్నాయి. థైరాయిడ్ మందగిస్తే, రక్తం తగ్గితే, బీ12 లోపిస్తే, ఒంట్లో సోడియం పడిపోతే మనిషి అచ్చం కుంగినట్టే కనిపిస్తాడు. గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్ అనే మందు థైరాయిడ్‌ను దెబ్బతీయగలదు. పక్షవాతం వచ్చిన కొందరు చిన్న మాటకే ఆపుకోలేకుండా ఏడుస్తారు, లోపల ఏమీ బాధ లేదని వాళ్ళే చెబుతారు. అది మెదడులో ఏడుపును అదుపుచేసే దారులు దెబ్బతినడం వల్ల వచ్చేది, దాని వైద్యం వేరు. మాట పోయిన మనిషిని ఆ రెండు ప్రశ్నలు అడగలేము కాబట్టి, ఇష్టమైన మనిషి వచ్చినప్పుడు ముఖంలో మార్పు వస్తున్నదా, ఫిజియోథెరపీకి చెయ్యి ఇస్తున్నాడా అని చూసుకోవాలి.

ఐసీయూ నుంచి వచ్చినవారి సంగతి మరింత రహస్యంగా ఉంటుంది. పగలో రాత్రో తెలియని ఆ గదిలో, మత్తు మందుల మధ్య, గోడల మీద పాములు పాకినట్టు, నర్సులు తనను చంపడానికి మాట్లాడుకుంటున్నట్టు చాలామందికి కనిపిస్తుంది. వైద్యులు దీనిని డెలీరియం అంటారు. ఇంటికి వచ్చాక ఆ దృశ్యాలు పీడకలలుగా తిరిగివస్తాయి, చెబితే పిచ్చి అంటారని మనిషి చెప్పడు, చెబితే ఇంటివారు చిల్లంగి పెట్టారేమోనని భూతవైద్యుడి దగ్గరికి నడుస్తారు. ఐసీయూ తరువాత శరీరంలో, జ్ఞాపకశక్తిలో, మనసులో మిగిలిపోయే ఈ ఇబ్బందులన్నిటికీ కలిపి అమెరికాలోని క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2012లో ఒక పేరు పెట్టింది: పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్. పేరు ఉన్న జబ్బు అని తెలియడమే కొందరికి సగం ఊరట.

జబ్బు బాధే చాలు కదా, మనసు ఇంకా ఎందుకు కుంగుతుంది అంటే, దిగులుపడటానికి కారణాలు ఉన్నాయన్నది సగం జవాబే. పెద్ద జబ్బు వచ్చినప్పుడు ఒంట్లో వాపును పెంచే రసాయనాలు మెదడు పనితీరును కూడా మారుస్తాయి. హెపటైటిస్-సీకి ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. అంతకుముందు ఏ దిగులూ లేని మనుషులు కూడా ఆ ఇంజెక్షన్ల మీద కుంగిపోవడం వైద్యులు చూశారు. అందుచేత "మనసు గట్టిచేసుకో" అనడం జ్వరం వచ్చినవాడిని చల్లబడమనడం లాంటిది.

పట్టించుకోకపోతే నష్టం మనసుతో ఆగదు. మాంట్రియల్‌లో గుండెపోటు వచ్చిన 222 మందిని గమనించిన వైద్యబృందం, కుంగుబాటు ఉన్నవారిలో ఆరు నెలల్లో మరణించే ప్రమాదం లేనివారికంటే నాలుగు రెట్లకు పైగా ఉందని 1993లో ప్రకటించింది. ఆసక్తి పోయిన మనిషి మాత్రలు మానేస్తాడు, నడక మానేస్తాడు, మానేసిన చుట్ట మళ్ళీ వెలిగిస్తాడు. అయితే కుంగుబాటుకు వైద్యం చేస్తే ఆయుష్షు పెరిగి తీరుతుందని చెప్పడం కూడా సరికాదు. 2003లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో 2,481 మంది గుండె రోగులను పరీక్షిస్తే, కౌన్సెలింగ్ వల్ల దిగులు తగ్గింది గానీ మరణాల సంఖ్యలో తేడా కనబడలేదు. నా మట్టుకు దిగులు తగ్గడమే చాలినంత కారణం. బతికించుకున్న మనిషి ఆ బతుకును రుచి చూడాలి కదా.

మందుల విషయంలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. గుండె రోగులకు సెర్ట్రాలిన్ సురక్షితమని 2002లో ఒక పరీక్ష చూపించింది, పాతకాలపు ట్రైసైక్లిక్ మందులను మాత్రం వారికి సాధారణంగా ఇవ్వరు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవారికి సెర్ట్రాలిన్ తరహా మందులు తోడైతే రక్తస్రావం అవకాశం కొంత పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతున్నవారికి పారాక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ పడనివి, ఎందుకంటే అవి టామోక్సిఫెన్‌ను ఒంట్లో పనిచేసే రూపంలోకి మారనివ్వవు. అందువల్ల మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత చీటీలన్నీ సంచిలో పట్టుకెళ్ళాలి, మందుల షాపులో అడిగి తెచ్చుకోకూడదు. ఈ మందులు పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వారం రోజులకే "ఏమీ తేడా లేదు" అని ఆపేసేవారే ఎక్కువ.

మందులు లేని దారి కూడా ఉంది. మనసు బాగుపడితే పని చేద్దామని ఎదురుచూడకుండా, చిన్న పనిని నియమంగా పెట్టుకుని దాని వెనక మనసును రానివ్వడం ఆ పద్ధతి. మానసిక వైద్యులు కాని సామాన్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పద్ధతిని ఆరు నుంచి ఎనిమిది విడతల్లో అమలుచేస్తే తీవ్రమైన కుంగుబాటు కూడా తగ్గిందని 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మా మామకు డాక్టరు పెట్టిన నియమం, ఉదయం ఆరున్నరకు పాల ప్యాకెట్టు తానే తేవాలి, దారిలో ఒక్కరితోనైనా రెండు మాటలు మాట్లాడాలి, అంతే.

వెళ్ళడానికి అడ్డుపడేది చినవాల్తేరు పేరు. విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఆ పేటలో ఉండటం వల్ల, మా జిల్లాల్లో ఆ ఊరి పేరే తిట్టుగా మారింది. మానసిక వైద్యం అంటే అక్కడికే వెళ్ళాలనుకుంటారు. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోనే మామూలు ఓపీలో చూపించుకోవచ్చు. బయటికి వెళ్ళలేనివారికి 2022 అక్టోబరు 10 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలీమానస్ ఉంది. 14416కు ఏ వేళ చేసినా డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు.

వాయిదా వేయకూడని సందర్భం ఒకటే. "ఆ దేవుడు నన్నెందుకు ఉంచీసినాడో", "నేను పోతే మీకు సుఖం" వంటి మాటలు వినబడినప్పుడు, అప్పులూ పాసుపుస్తకాలూ హఠాత్తుగా పిల్లలకు అప్పగిస్తున్నప్పుడు, చనిపోవాలనిపిస్తున్నదా అని నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, మందుల డబ్బా, పొలం మందులు ఇంకొకరి చేతిలో పెట్టాలి.

మా మామను చివరికి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళిన రోజు అత్త కూడా వచ్చింది. జూన్ నుంచి ఆవిడ రాత్రిపూట నిద్రపోవడం లేదు, భర్త ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి ఆడుతున్నదో లేదో చూసుకుంటూ తెల్లవార్చేది. ఆయనను అడగవలసినవన్నీ అడిగాక డాక్టరు ఆవిడ వైపు తిరిగి అవే రెండు ప్రశ్నలు వేశారు. ఆవిడ కాసేపు చీర చెంగు చుట్టలు చుట్టుకుంటూ కూర్చుని, మొదటిదానికి "రోజూ", రెండోదానికి "సగం పైన" అంది. మూడూ రెండూ ఐదు. డాక్టరు ఇంకొక ఓపీ చీటీ తెమ్మని నన్ను కౌంటరుకు పంపించారు.